ముప్పై ఏడు రూపాయలు

మల్లేపల్లి దాటినంక, దేవరకొండ రోడ్డు మీద
మా బడి, తొమ్మిదో తరగతి.
రిజిస్టర్ల నలభై ఒక్కరు.
పత్తి పగిలిన నెల గనుక
బెంచీల మీద తొమ్మిది మంది.

ఆ రోజు పాఠం శాసనసభ.
"పుస్తకం మూయుండ్రి, ఆడి చూద్దాం" అన్న.
పదిమందో, మొత్తంల పదో వంతో,
ఏది ఎక్కువైతే అంతమంది ఉంటెనే సభ.
వేళ్లు మడిచి లెక్కబెట్టిన్రు.
ఒకరు తక్కువ.

అందరూ కిటికీ దిక్కు చూసిన్రు.
రాజ్యాంగమంత పెద్ద పుస్తకం
ఒక పిల్లగాని కోసం ఎదురుచూసుడు
నేనెన్నడూ చూడలే.

జాంగీర్ వచ్చిండు.
జుట్టుల పత్తి పోగులు,
గోళ్ల సందుల కాయ డిప్ప గీరిన నెత్తురు.
"లేటైంది టీచర్" అంటే
"నువ్వొచ్చినంకనే సభ అయింది, కూసో" అన్నది సుగుణ.
ఆమె స్పీకర్. నా కుర్చీ ఆమెది.
నేను గోడకు ఆనుకొని నిలబడ్డ,
సభ్యురాలిని కాను గద.

ఖజానా అంటె ఏంది టీచర్ అంటే
బీరువా మీది హార్లిక్స్ సీసా చూపించిన.
పాత పేపర్లమ్మిన రెండు వందల పన్నెండు.
బోర్డు మీద రాసిన:
సభ ఒప్పుకొని చట్టం చేస్తె తప్ప
ఇందులోంచి పైసా తీయరాదు.

నేనావత్ అచ్చాలి లేచింది.
"మరి మొన్న ఇన్‌స్పెక్షన్‌కు హెడ్మాస్టర్ సారు
ముప్పై ఏడు తీసిండు గద,
చాయకు, బిస్కట్లకు.
ఎవర్నడిగి?"

పుస్తకంల పాఠం అక్కడిదాకనే ఉన్నది.

పురుషోత్తం సారును పిలుచుకొచ్చిన్రు.
గడప కాడ నిలబడి నవ్విండు.
ఎవరూ నవ్వకపోయేసరికి
చేతులు వెనుకకు కట్టుకున్నడు,
మళ్ల ముందటికి తెచ్చుకున్నడు.
"ఆఫీసరొచ్చిండు బిడ్డా, మర్యాద చేయాలె గద."
పైవాళ్లకు ఆయన సంజాయిషీ ఇచ్చుడు రోజూ చూస్త.
కిందివాళ్లకు ఇచ్చుడు
ఆ ఒక్క పూట చూసిన.

ఓటు పెట్టిన్రు. మాఫ్ చేయాల్నా, కట్టాల్నా.
నాలుగు చేతులు. ఇంకో నాలుగు చేతులు.
తొమ్మిదో చెయ్యి బెంచి మీద, దాని మీద తల,
జాంగీర్ నిద్రపోయిండు.
సభ్యుణ్ణి లేపాల్నా వద్దా అన్నది
ఏ అధికరణంల లేదు.
ఎవరూ లేపలే.

సరిసమానమైతెనే స్పీకరుకు ఓటు.
అప్పటిదాక కుర్చీ ఆమెది, తీర్పు ఆమెది కాదు.
సుగుణ వాళ్లమ్మ మా బడిల వంట చేస్తది.
పనిల పెట్టిందీ, తీసేయగలిగేదీ
గడప కాడ నిలబడ్డ సారే.
సుగుణ నా దిక్కు చూసింది.
నేను చేతిల చాక్‌పీసు దిక్కు చూసిన.
వంట రూముల పప్పు గిన్నె తోముతున్న చప్పుడు.

"కట్టాలె" అన్నది.
ఆ గొంతు నాకిప్పుడు గుర్తులేదు,
కాళ్లు గుర్తున్నయి.
నా కుర్చీల నేలకందక ఊగుతున్న కాళ్లు
ఆ మాట కాడ ఆగినయి.

ఆదివారం నాకు నిద్ర పట్టలే.
సోమవారం వంట రూముల పొగ లేచింది,
ఆమెనే వండింది.
సీసాల లెక్క సరిపోయింది.
ఎప్పుడేసిండో చూసినోళ్లు లేరు.
సారు నాతోని మాత్రం పదిరోజులు మాట్లాడలే.

పరీక్షల అడిగిన్రు:
శాసనసభ అధికారములను వివరింపుము, నాలుగు మార్కులు.
సుగుణ రెండు వాక్యాలు రాసింది.
"సీసా మూత సభ చేతుల ఉంటది.
తీసినోళ్లు వచ్చి, నిలబడి చెప్పాలె."

కీ పేపర్ల ఆరు పాయింట్లున్నయి.
ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు ఊరికే పట్టుకున్న.